చిన్న బాత్రూమ్‌ని మీరే కొత్తగా చేసుకోవడం ఎలా?

“ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు బాత్రూమ్. టైల్స్ ఊడిపోతున్నాయి, నేల మీద నీళ్లు నిలుస్తున్నాయి. సొంతంగా చేసుకోగలనా? ముందు గోడలు చేయాలా, నేల చేయాలా?” కొలతలు కాస్త అటూ ఇటూ అయినా చాలామంది అడిగేది ఇదే. చేసుకోవచ్చు. చేతి నైపుణ్యం కొంత తక్కువైనా పరవాలేదు కానీ, పని వరుస తప్పకూడదు. పైకి కనిపించే టైల్స్ అందం ఎలా ఉన్నా, బాత్రూమ్ పాడయ్యేది వాటి వెనకాల దాక్కున్న పైపులు, వాలు, వాటర్ ప్రూఫింగ్ దగ్గరే. అందుకే ఈ పని మొత్తానికి ఒక్క నియమం పెట్టుకోండి: ఏ పొరనైనా పరీక్షించాకే దాని మీద ఇంకో పొర వేయాలి. కింద చెప్పిన వరుస అంతా ఆ నియమం ప్రకారమే ఉంటుంది.

ఒక్కరే చేస్తే రెండు మూడు వారాలు పట్టడం మామూలే. అందులో చాలా భాగం ఆరడానికి, గట్టిపడటానికి వదిలేసే సమయం. ఆ రోజుల్లో వాడుకోవడానికి ఇంకో బాత్రూమ్ ఏర్పాటు లేకపోతే పని మొదలుపెట్టకండి. తొందర వల్లే సగం తప్పులు జరుగుతాయి.

మీరు చేయకూడని పనులు

కొత్త కరెంటు లైన్లు లాగడం, గీజర్ కనెక్షన్, ఎర్తింగ్ పనులు అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌కే వదలండి. కమోడ్ పెద్ద పైపు చోటు మార్చాలంటే ప్లంబర్ కావాలి. పిల్లర్లు, బీములు, శ్లాబ్ జోలికి ఎవరూ వెళ్లకూడదు. పైపు కోసం బీముకి కన్నం పెట్టే ఆలోచనే వద్దు. మీ బాత్రూమ్ కింద వేరేవాళ్లు ఉంటుంటే పని మొదలుపెట్టే ముందే వాళ్లకు చెప్పండి. నీళ్ల పరీక్ష చేసే రోజుల్లో వాళ్ల పైకప్పు చూడాల్సి వస్తుంది.

కావలసినవి

- సుత్తి, ఉలి, డ్రిల్లు, డైమండ్ బ్లేడు ఉన్న గ్రైండర్, టైల్ కట్టర్
- మామూలు తాపీ, పళ్లున్న తాపీ (చిన్న టైల్స్‌కి 6 మి.మీ. పళ్లు, పెద్దవాటికి 8–10 మి.మీ.), రబ్బరు సుత్తి
- రసమట్టం, లెవెల్ ట్యూబ్, తూకం గుండు, ఆరడుగుల తిన్నని అల్యూమినియం పట్టీ
- కళ్లద్దాలు, ఎన్95 మాస్కు, రబ్బరు గ్లవ్స్, గట్టి బూట్లు
- పైపులు, ఫిట్టింగులు, వాటికి సరిపోయే సాల్వెంట్, టెఫ్లాన్ టేప్, ఎండ్ ప్లగ్గులు
- సిమెంటు, ఇసుక, నాన్ ష్రింక్ గ్రౌట్ (గట్టిపడేటప్పుడు కుంచించుకుపోని, పైపుల చుట్టూ నింపే మిశ్రమం)
- పొడి, ద్రవం విడివిడిగా వచ్చే పాలిమర్ వాటర్ ప్రూఫింగ్ కోటింగ్, ఫైబర్ మెష్ టేప్
- టైల్స్, టైల్ అడ్హెసివ్, టైల్స్ మధ్య సందు సమానంగా ఉంచే 2–3 మి.మీ. స్పేసర్లు, ఆ సందులు నింపే గ్రౌట్, బూజు పట్టని శానిటరీ సిలికాన్

టైల్స్ ఎన్ని కావాలో ఇలా లెక్క కట్టండి. 5×7 అడుగుల గదిలో నాలుగు గోడల మొత్తం పొడవు 24 అడుగులు. ఏడడుగుల ఎత్తు వరకు టైల్స్ వేస్తే 168 చదరపు అడుగులు. అందులో రెండున్నర అడుగుల తలుపు తీసేస్తే సుమారు 150. నేల 35. రెండింటికీ 10 శాతం చొప్పున కలపండి: గోడలకు 165, నేలకు 39 చదరపు అడుగులు. అన్నీ ఒకేసారి, ఒకే బ్యాచ్ నంబరువి కొనండి. తర్వాత తెచ్చిన పెట్టెలో రంగు కొంచెం తేడా వస్తే గోడ మీద అది దాగదు.

గోడకు వేసే సిరామిక్ టైల్స్ నీళ్లు పీలుస్తాయి, వాటిని నేలకు వాడకండి. నేలకు విట్రిఫైడ్ కానీ, నేల కోసమే చేసిన యాంటీ స్కిడ్ టైల్స్ కానీ తీసుకోండి. పెట్టె మీద R10 లేదా R11 అని ఉంటే తడి నేలకు మంచిది. సైజు విషయంలో నా మాట వినండి, నేలకు అడుగు కంటే పెద్ద టైల్ వద్దు. నాలుగు వైపుల నుంచి జాలీ (నేలలో నీళ్లు పోయే కన్నం మీది మూత) వైపు వాలు తీయాలంటే పెద్ద టైల్‌ని ఐమూలగా కోయాల్సి వస్తుంది. మొదటిసారి చేసేవాళ్లకు అది చాలా కష్టం.

1. కాగితం మీద ముందు కట్టండి

గది కొలతలు, తలుపు తెరుచుకునే దిక్కు, ఉన్న పైపుల చోట్లు అన్నీ గీసుకోండి. కమోడ్ మధ్యగీత నుంచి పక్క గోడకు కనీసం 38 సెం.మీ., కమోడ్ ముందు కనీసం 55–60 సెం.మీ. ఖాళీ ఉండాలి. వాష్ బేసిన్ పై అంచు నేల నుంచి 80–85 సెం.మీ., షవర్ తల సుమారు రెండు మీటర్ల ఎత్తులో ఉంటే చాలామందికి సరిపోతుంది.

కమోడ్‌ని పాత చోటే ఉంచితే పని సగం తేలికవుతుంది. కొత్తది కొనే ముందు పాత పైపు నేలలోకి వెళ్తోందా, గోడలోకి వెళ్తోందా చూసి, గోడ నుంచి పైపు నడిమి వరకు దూరం కొలవండి. ఈ దూరాన్ని టైల్ వేశాక ఉండే గోడ నుంచి లెక్కించాలి. ఇటుక గోడ నుంచి కొలిచి కమోడ్ కొనేస్తే, ప్లాస్టరు, టైల్ మందం కలిసి ఆ తర్వాత అది పైపు మీద కూర్చోదు.

2. కూల్చడం

మెయిన్ వాల్వ్ కట్టేసి, కుళాయిలన్నీ తెరిచి పైపుల్లో ఉన్న నీళ్లు వదిలేయండి. బాత్రూమ్‌కి వచ్చే కరెంటు బోర్డు దగ్గరే ఆపి, టెస్టర్‌తో చూసి నిర్ధారించుకోండి. నేలలోని పైపు మూతులన్నింటిలో గుడ్డలు కుక్కి, పైన టేపు అంటించండి. ఒక్క సిమెంటు పెళ్ల లోపల పడినా తర్వాత తీయడం చాలా కష్టం.

గోడ పై నుంచి కిందికి, ఆ తర్వాత నేల. ఉలిని గోడకు దాదాపు ఆనించి, ఏటవాలుగా పట్టుకుంటే టైల్ పెచ్చులా లేస్తుంది. నిటారుగా కొడితే ఇటుక పగులుతుంది. టైల్ తీశాక మిగిలిన పాత ప్లాస్టరును తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చిన చోట, చెమ్మ పట్టిన చోట, ఉప్పు తేలిన చోట ఇటుక కనిపించేదాకా చెక్కేయండి. పాత భవనాల్లో ఆస్‌బెస్టాస్ రేకులు, ఆస్‌బెస్టాస్ పైపులు ఉంటే వాటిని పగలగొట్టకండి, కోయకండి. వాటిని తీయడానికి శిక్షణ ఉన్నవాళ్లను పిలవాలి. మామూలు సిమెంటు దుమ్ము కూడా ఊపిరితిత్తులకు హానికరమే, మాస్కు తీయకండి.

*పాత టైల్స్ మీదే కొత్తవి వేయవచ్చా?* గోడలకైతే వేయవచ్చు, కొన్ని షరతులతో. ప్రతి టైల్‌నీ తట్టినప్పుడు గట్టి శబ్దం రావాలి, గోడ అవతల చెమ్మ ఉండకూడదు, పైపులు మార్చే పని ఉండకూడదు. అప్పుడు పాత టైల్స్ మెరుపు పోయేలా గరుకుగా రుద్ది, టైల్ మీద టైల్ వేయడానికి పనికొస్తుందని సంచి మీద రాసి ఉన్న అడ్హెసివ్ వాడండి. నేల కారుతుంటే మాత్రం ఈ దారి అసలు వద్దు. లీకు అలాగే ఉండి, దాని మీద ఇంకో పొర చేరుతుందంతే.

3. పైపులు, వైర్లు

గోడలో గాడి నిలువుగా తీస్తే గోడ మందంలో మూడో వంతు, అడ్డంగా తీస్తే ఆరో వంతు లోతు మించకూడదు. వీలైనంతవరకు పైపుని నిలువుగానే తీసుకెళ్లండి. వేడినీళ్లకు సీపీవీసీ పైపే వాడాలి, యూపీవీసీ చన్నీళ్లకు మాత్రమే. రెండింటికీ సాల్వెంట్ కూడా వేరు. పైపుని తిన్నగా కోసి, అంచుల పీచు గీకి, తడి లేకుండా తుడిచి, పైపుకీ ఫిట్టింగుకీ సాల్వెంట్ రాసి, పావు వంతు తిప్పుతూ లోపలికి నెట్టి, అర నిమిషం కదలకుండా పట్టుకోండి. వెంటనే వదిలేస్తే జాయింటు కొద్దిగా వెనక్కి జరుగుతుంది. ఆ లీకు మీకు ఆరు నెలల తర్వాత కానీ తెలియకపోవచ్చు.

గోడలో దాగే డైవర్టర్ (నీళ్లను కుళాయికో, షవర్‌కో మళ్లించే వాల్వ్) పెడుతుంటే దాని ప్లాస్టిక్ మూత మీద లోతుకి గుర్తులుంటాయి. టైల్ ముఖం ఆ రెండు గుర్తుల మధ్యకు రావాలి. ప్లాస్టరు, అడ్హెసివ్, టైల్ మూడింటి మందం కలిపి లెక్క చూసి బిగించండి. మరీ లోపలికి పోతే పై మూత అందదు, బయటికి వస్తే గోడకు ఆనదు.

నేలలో జాలీ కింద పెట్టే, గిన్నెలాంటి నహానీ ట్రాప్‌లో కనీసం 50 మి.మీ. నీళ్లు నిలిచేలా ఉండాలి. డ్రైనేజీ వాసన గదిలోకి రాకుండా ఆపేది ఆ నీళ్లే. ట్రాప్ లేకుండా పైపు మీద జాలీ ఒక్కటే పెడితే ఎంత శుభ్రం చేసినా వాసన పోదు.

కరెంటు విషయంలో ఎలక్ట్రీషియన్ని రెండు అడగండి. బాత్రూమ్ సర్క్యూట్‌కి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉందా? స్విచ్చులు, సాకెట్లు షవర్ తుంపర్లకు అందనంత దూరంలో ఉన్నాయా? షవర్ చోటు అంచు నుంచి 60 సెం.మీ. లోపల ఏ సాకెట్టూ ఉండకూడదు. లైటు స్విచ్, గీజర్ స్విచ్ గది బయట పెడితే ఇంకా మంచిది.

*పరీక్ష:* కుళాయి చోట్లన్నింటికీ ప్లగ్గులు బిగించి మెయిన్ తెరవండి. ప్రతి జాయింటు చుట్టూ పొడి టిష్యూ కాగితం చుట్టి 24 గంటలు వదలండి. ఒక్క కాగితం తడిసినా ఆ జాయింటు కోసి మళ్లీ చేయాల్సిందే. మీటరున్న చేతి పంపు అద్దెకు దొరికితే మామూలు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, ముల్లు దిగుతోందేమో చూడండి. అంతా బాగుంటే, గోడ మూయక ముందే టేపు పెట్టి కొలతలు కనిపించేలా ప్రతి గోడ ఫొటో తీసుకోండి. రేపు అద్దం తగిలించడానికి డ్రిల్లు పట్టుకున్నప్పుడు ఆ ఫొటోలే మీ పైపుల్ని కాపాడతాయి.

4. ప్లాస్టరు, నేల వాలు

గోడ మూలల్లో తూకం గుండు వేలాడదీసి నిలువు చూసుకుని ప్లాస్టరు చేయండి. ఆరడుగుల పట్టీ ఆనిస్తే కింద 3 మి.మీ. కంటే ఎక్కువ సందు కనిపించకూడదు. గోడ వంకరని టైల్ వేసేటప్పుడు అడ్హెసివ్‌తో సరిచేద్దామనుకోకండి. మందంగా వేసిన చోట అది కుంచించుకుపోయి టైల్స్ ఎగుడుదిగుడు అవుతాయి. నున్నగా మెరిసేలా పూయకండి, గరుకుగా వదిలేస్తే తర్వాతి పొర పట్టుకుంటుంది. వారం రోజులు తడుపుతూ ఉండండి.

ఇక వాలు. లెవెల్ ట్యూబ్‌తో నాలుగు గోడల మీదా నేల నుంచి మీటరు ఎత్తులో ఒకే మట్టంలో గీత కొట్టండి. అన్ని కొలతలూ ఆ గీత నుంచి కిందికే. ముందు తలుపు దగ్గర చూడండి. బాత్రూమ్ నేల టైల్ వేశాక కూడా బయటి గది నేల కంటే 15–20 మి.మీ. పల్లంగా ఉండాలి. అక్కడి నుంచి జాలీ వైపు అడుగుకి 5–6 మి.మీ. చొప్పున దించండి. జాలీకి అన్నింటికంటే దూరంగా ఉన్న మూల ఆరడుగులు ఉంటే, ఆ మూల కంటే జాలీ 30–36 మి.మీ. కిందికి ఉంటుంది.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, ట్రాప్‌ని ముందే ఎత్తుగా బిగించేసి తర్వాత వాలు ఎలా తీయాలా అని తంటాలు పడటం. ట్రాప్ ఎత్తు ముందు నిర్ణయించుకుంటే వాలు దానంతట అదే కుదురుతుంది. వాలు కాంక్రీటు కాస్త గట్టిపడ్డాక ప్రతి మూలలో మగ్గుడు నీళ్లు పోసి చూడండి. నీళ్లన్నీ జాలీకి చేరాలి. అరచేతి వెడల్పు మడుగు నిలిచినా ఇప్పుడే సరిచేయండి. టైల్స్ వేశాక దాన్ని సరిచేయడానికి వీలుండదు.

5. వాటర్ ప్రూఫింగ్

టైల్ నీళ్లు ఆపుతుందని చాలామంది అనుకుంటారు. టైల్ ఆపుతుంది నిజమే, కానీ టైల్స్ మధ్య గీతలు పూర్తిగా ఆపవు. సిమెంటు గ్రౌట్ గుండా నీళ్లు కొద్ది కొద్దిగా ఎప్పుడూ దిగుతూనే ఉంటాయి. వాటిని ఆపేది టైల్ కింద ఉన్న ఈ పొర ఒక్కటే. ఖర్చు తగ్గించాలంటే కుళాయిల్లో తగ్గించండి, దీనిలో మాత్రం వద్దు.

కోటింగ్ ఎక్కడ వేయాలి, శ్లాబ్ మీదా, వాలు మీదా? కొందరు శ్లాబ్ మీద వేసి పైన వాలు కాంక్రీటు పోస్తారు. అలా చేస్తే దిగిన నీళ్లు ఆ కాంక్రీటులోనే మురుగుతూ ఉంటాయి, నేల పూర్తిగా ఆరడమంటూ ఉండదు. వాలు మీద, టైల్ కిందే వేయడం నా ఎంపిక. శ్లాబ్‌ని కిందికి దించి, ఆ గుంత నింపి కట్టిన బాత్రూమ్ అయితే రెండు చోట్లా వేయండి.

చేసే తీరు ఇది:

క) నేల, గోడలు ఊడ్చి, కడిగి, దుమ్ము లేకుండా చేయండి. నేల తడిగా ఉండాలి, పైన నీళ్లు తేలకూడదు.

ఖ) ప్రతి పైపు చుట్టూ, ట్రాప్ చుట్టూ అంగుళం లోతున చెక్కి నాన్ ష్రింక్ గ్రౌట్‌తో నింపండి. లీకుల్లో ఎక్కువ భాగం మొదలయ్యేది ఇక్కడే, ఎందుకంటే నున్నని ప్లాస్టిక్ పైపుని మామూలు సిమెంటు గట్టిగా పట్టుకోదు.

గ) గోడ, నేల కలిసే మూలల్లో సిమెంటు మోర్టార్‌తో అంగుళం వెడల్పున గుండ్రంగా వంపు తీయండి. తొంభై డిగ్రీల మూలలో పొర పలచబడి చిట్లుతుంది.

ఘ) ద్రవాన్ని బకెట్లో పోసి, పొడిని కొంచెం కొంచెంగా వేస్తూ నెమ్మదిగా తిరిగే డ్రిల్లు మిక్సరుతో ఉండలు లేకుండా కలపండి. చిక్కగా ఉందని నీళ్లు పోయకండి.

ఙ) మొదటి కోటు బ్రష్షుతో ఒక దిక్కుగా వేయండి. మూలల్లో, పైపుల చుట్టూ పొర పచ్చిగా ఉండగానే ఫైబర్ మెష్ పరిచి అద్దండి. నాలుగు నుంచి ఆరు గంటలు, లేదా ప్యాకెట్ మీద చెప్పినంతసేపు ఆగి, రెండో కోటు మొదటిదానికి అడ్డంగా వేయండి.

చ) గోడల మీద అన్ని వైపులా కనీసం 30 సెం.మీ. ఎత్తు, షవర్ ఉన్న గోడల మీద షవర్ తల ఎత్తు దాకా వేయాలి. ట్రాప్ మూతి లోపలి అంచుకీ పూయాలి. తలుపు గడప దగ్గర మరీ జాగ్రత్త. పొరని అక్కడే ఆపేస్తే నీళ్లు చౌకట్టు కిందుగా పక్క గదిలోకి పాకుతాయి. బెడ్రూమ్ గోడ అడుగున రంగు పెచ్చులు ఊడుతున్నాయంటే చాలా ఇళ్లలో కారణం అదే.

*ఎలా తెలుసుకోవాలి?* గది చీకటి చేసి, టార్చి లైటుని నేలకు ఆనించి పక్కవాటుగా వేయండి. సూదిమొన కన్నాలు, పలచటి చోట్లు నీడల్లో బయటపడతాయి. ఇంకోటి, ఎంత సరుకు ఎన్ని చదరపు అడుగులకు సరిపోతుందో ప్యాకెట్ మీద ఉంటుంది. మీ దగ్గర చాలా మిగిలిపోతే పొర పలచగా వేశారని అర్థం, మూడో కోటు వేయండి.

6. నీళ్లు నిలబెట్టి చూడండి

కోటింగ్ పూర్తిగా ఆరనివ్వండి. సాధారణంగా కనీసం మూడు రోజులు, చలికాలంలో ఇంకా ఎక్కువ. ఆ తర్వాత ట్రాప్ మూతి గట్టిగా మూసి, నేల మొత్తం మునిగేలా నీళ్లు నింపండి. నీళ్లు గడప దాటకుండా చూసుకోండి. నీటి మట్టం దగ్గర గోడ మీద పెన్సిల్ గీత పెట్టండి. పక్కనే వెడల్పాటి బేసినులో కూడా నీళ్లు పోసి, దానికీ గీత పెట్టండి. ఆవిరయ్యే నీళ్లెన్నో ఆ బేసిను చెబుతుంది. 48 గంటల తర్వాత రెండింటిలోనూ ఒకేలా తగ్గితే నేల బాగున్నట్టు. నేల మీద ఎక్కువ తగ్గితే ముందు ట్రాప్ ప్లగ్గు చూడండి, చాలాసార్లు కారేది అక్కడే. ప్లగ్గు సరిగానే ఉంటే పైపుల చుట్టూ, మూలల్లో మళ్లీ కోటింగ్ వేసి మళ్లీ పరీక్షించండి.

కింది పైకప్పు, పక్క గది గోడ అడుగుభాగం, బయటి గోడ ఈ మూడూ ఉదయం, సాయంత్రం చేత్తో తాకి చూడండి. ఈ రెండు రోజులూ ఖాళీగా పోతున్నాయని టెన్షన్ పడి టైల్స్ మొదలుపెట్టేయకండి. పరీక్ష అయ్యాక, కోటింగ్ మీద చెప్పులతో, నిచ్చెనతో తిరగకుండా పాత దుప్పటి పరవండి.

7. టైల్స్

ముందు గోడలు, అదీ రెండో వరుస నుంచి. అడుగు వరుస చోట తిన్నని పట్టీని మట్టం చూసి బిగించి, దాని మీద రెండో వరుస నిలబెట్టండి. పట్టీకి మేకులు కోటింగ్ వేసిన చోట కొట్టకండి, కింద టైల్ ముక్కలు పేర్చి దాన్ని నిలబెట్టండి. గోడల పైభాగం అయ్యాక నేల, ఆఖరున గోడ అడుగు వరుస. అలా చేస్తే గోడ టైల్ నేల టైల్ మీద కూర్చుంటుంది, గోడ మీది నుంచి జారిన నీళ్లు సందులోకి పోకుండా నేల మీదికి వస్తాయి. నేల వాలుకి తగ్గట్టు అడుగు వరుస కోసుకోవడమూ తేలిక.

అంటించే ముందు టైల్స్‌ని ఖాళీగా పేర్చి చూడండి. రెండు చివర్లా సమానమైన ముక్కలు, అవీ సగం కంటే చిన్నవి కాకుండా వచ్చేలా మధ్యగీత జరపండి. వేలెడు ముక్క ఎక్కడైనా తప్పకపోతే దాన్ని తలుపు వెనక్కి తీసుకెళ్లండి.

అడ్హెసివ్‌ని నీళ్లలో కలిపి, ఐదు నిమిషాలు వదిలి, మళ్లీ ఒకసారి కలపండి. మొదట తాపీ చదును వైపుతో గోడకు రుద్ది, ఆ తర్వాత పళ్ల వైపుతో ఒకే దిక్కుగా గీతలు లాగండి. ఒకేసారి చదరపు మీటరు మించి పూయకండి. పైన పొర కట్టేస్తే టైల్ అతుక్కోదు. వేలితో తాకితే వేలికి అంటాలి, అంటకపోతే గీకేసి కొత్తది పూయండి. అడుగున్నర కంటే పెద్ద టైల్స్‌కి వెనక కూడా పలచగా పూయాలి. అడ్హెసివ్‌తో వేస్తున్నప్పుడు టైల్స్‌ని నీళ్లలో నానబెట్టకండి. అది మామూలు సిమెంటుతో వేసే రోజుల నాటి అలవాటు.

టైల్ వెనక నాలుగు మూలలా, నడుమ ఐదు ముద్దలు పెట్టి అంటించడం ఇప్పటికీ చాలాచోట్ల చూస్తాం. దయచేసి అలా చేయకండి. ముద్దల మధ్య ఖాళీల్లో నీళ్లు చేరతాయి, ఏదైనా బరువు పడితే ఆ ఖాళీ మీదే టైల్ పగులుతుంది.

*పరీక్ష:* ప్రతి ఏడెనిమిది టైల్స్‌కి ఒకటి పచ్చిగా ఉండగానే పెకలించి వెనక చూడండి. తడి చోట్ల కనీసం 95 శాతం మేర అడ్హెసివ్ అంటి ఉండాలి. తక్కువగా ఉంటే పెద్ద పళ్ల తాపీకి మారండి. మర్నాడు ప్రతి టైల్‌నీ నాణెంతో తట్టండి. డొల్ల శబ్దం మూలల్లో వస్తే ఆ టైల్ తీసి మళ్లీ వేయడమే మంచిది. తీసేటప్పుడు కింది కోటింగ్ చిరిగితే దానికి మళ్లీ రెండు కోట్లు వేయాలి. నేల టైల్స్ మీద 24 గంటలు ఎవరూ నడవకూడదు.

8. గ్రౌట్, సిలికాన్

స్పేసర్లు తీసి, గీతల్లో పైకి వచ్చిన అడ్హెసివ్‌ని గీకేయండి. నేలకి, షవర్ గోడలకి ఎపాక్సీ గ్రౌట్ మేలు. నీళ్లు పీల్చదు, నల్లబడదు. కానీ అది త్వరగా బిగుస్తుంది. ప్యాకెట్‌ని కంటి అంచనాతో విడగొట్టకుండా తూకం వేసి కొంచెం కొంచెం కలపండి, వేసిన చోటు వెంటనే తడి స్పాంజితో తుడవండి. ఎండిన ఎపాక్సీ మరకని వదిలించడం టైల్ వేయడం కంటే కష్టం. ఆ ఒత్తిడి వద్దనుకుంటే మిగతా గోడలకు సిమెంటు గ్రౌట్ చాలు.

గోడా గోడా కలిసే మూలలు, గోడా నేలా కలిసే చోటు గ్రౌట్‌తో నింపకుండా ఖాళీగా వదిలి, సిలికాన్ పట్టించండి. వేడికీ చలికీ ఆ రెండు తలాలూ విడివిడిగా కదులుతాయి. గ్రౌట్ పెడితే పగుళ్లిస్తుంది, సిలికాన్ సాగుతుంది. రెండు పక్కలా మాస్కింగ్ టేప్ అంటించి, సిలికాన్ గీత లాగి, సబ్బునీళ్లలో ముంచిన వేలితో ఒకే ఊపున నిమిరి, తడిగా ఉండగానే టేప్ లాగేయండి. 24 గంటలు నీళ్లు తగలనివ్వకండి.

కొత్త గ్రౌట్‌ని యాసిడ్‌తో కడగకండి. యాసిడ్‌నీ బ్లీచింగ్‌నీ కలిపి అసలే వాడకండి, దాన్నుంచి విషవాయువు వస్తుంది.

9. బిగింపులు, గాలి

టైల్‌కి కన్నం పెట్టేటప్పుడు మాస్కింగ్ టేప్ అంటించి దాని మీద గుర్తు పెట్టండి. టైల్ దాటేదాకా డ్రిల్లు హ్యామర్ మోడ్ ఆపి నెమ్మదిగా తిప్పండి. కమోడ్ స్క్రూల కోసం నేలకు పెట్టే కన్నాలు మీ వాటర్ ప్రూఫింగ్ పొరని చీల్చుకుని పోతాయి. స్క్రూ బిగించే ముందు కన్నం నిండా సిలికాన్ నింపండి. కుళాయి మరలకు టెఫ్లాన్ టేప్ గడియారం ముల్లు తిరిగే దిక్కుగా చుట్టాలి, ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడి వస్తుంది.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పక పెట్టండి. 5×7 అడుగుల గది ఎనిమిది అడుగుల ఎత్తుంటే 280 ఘనపుటడుగులు, అంటే సుమారు 8 ఘనపు మీటర్లు. గంటకు పదిసార్లు గాలి మారాలంటే గంటకు 80 ఘనపు మీటర్లు లాగే ఫ్యాన్ చాలు. తలుపు కింద ఒకటి రెండు సెంటీమీటర్ల సందు ఉంటేనే ఫ్యాన్‌కి లాగడానికి గాలి దొరుకుతుంది.

వాడకం మొదలయ్యాక కనిపించే తేడాలు

*వాసన వస్తోంది:* ముందు ట్రాప్‌లో మగ్గుడు నీళ్లు పోయండి. చాలారోజులు వాడకపోతే అందులో నీళ్లు ఆవిరైపోతాయి. అయినా వస్తే కమోడ్, పైపు కలిసే చోటి రబ్బరు సీలు చూడండి.

*గ్రౌట్ మీద తెల్లని పొడి:* లోపలి చెమ్మ బయటికొస్తూ లవణాలు తెస్తోంది. కొత్త పని అయితే ఆరుతూ తగ్గిపోతుంది, పొడి బ్రష్షుతో దులపండి. నెలలు గడిచినా ఒకే చోట వస్తూ ఉంటే దాని వెనక పైపుని అనుమానించండి.

*కింది పైకప్పు తడుస్తోంది:* వెంటనే నేల తవ్వకండి. కుళాయిలన్నీ కట్టేసి, రాత్రంతా ఎవరూ నీళ్లు వాడకుండా చూసి, పడుకునే ముందు ఒకసారి, ఉదయం ఒకసారి నీళ్ల మీటరు అంకె చూడండి. అంకె కదిలితే ఒత్తిడిలో ఉన్న పైపు కారుతోంది. కదలకపోతే అనుమానం డ్రైనేజీ పైపు మీదకో, నేల మీదకో వెళ్లాలి. ట్రాప్ మూసి మళ్లీ నీళ్లు నిలబెట్టండి. అప్పుడు తడి పెరిగితే నేల, పెరగకపోతే డ్రైనేజీ పైపు. ఏది కారుతోందో తేలాక, మూడో దశలో తీసిన ఫొటోలు ముందు పెట్టుకుని, తెరవాల్సినంత మేరకే తెరవండి. మార్చాల్సిన టైల్స్ కోసం మొదట్లో కొన్న పెట్టెల్లో మిగిలినవాటిని కనీసం ఐదారు దాచి ఉంచండి.